ప్రేమ గుడ్డిదన్న మాట ఎవరికి పనికివస్తున్నది?

1

ప్రేమ గుడ్డిది అంటారు. ప్రేమలో పడిన మనిషికి బుద్ధి పనిచేయదంటారు. ఈ ఒక్క సంగతిని మన సాహిత్యం ఎన్ని వందల ఏళ్ళుగా, ఎన్ని రకాలుగా చెబుతూ వచ్చిందో లెక్కలేదు. ప్రబంధకవి దీన్ని విరహతాపంగా వర్ణించాడు. భావకవి దివ్యమైన బాధగా పూజించాడు. పత్రికల సీరియల్ నవల సంచిక తర్వాత సంచికగా సాగదీసింది. సినిమా పాటలు కట్టి పాడింది. చెప్పేవాళ్ళు మారారు, చెప్పే పద్ధతి మారింది. చెప్పిన విషయం మాత్రం మారలేదు. ప్రేమ ముందు వివేకం ఓడిపోతుంది, ఓడిపోవాలి, ఓడిపోకపోతే అది అసలు ప్రేమే కాదు. ఇదీ ఆ విషయం.

ఇది నిజమా కాదా అని ప్రయోగశాలలో తేల్చడం సాహిత్య విమర్శకుడి పని కాదు. కాని ఒక అభిప్రాయం, రాజ్యాలూ వ్యవస్థలూ మారినా, చెక్కుచెదరకుండా నిలిచిందంటే అది ఎవరికో పనికివస్తూ ఉండాలి. ఎవరికి పనికివస్తున్నదో కనిపెట్టడం మాత్రం విమర్శకుడి పనే. అందుకే ప్రేమ బుద్ధిని జయించిందని ఒక రచన చెప్పినప్పుడల్లా నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఓడిపోయిందంటున్న ఆ బుద్ధి ఎవరి బుద్ధి? గెలిచిందంటున్న ఆ ప్రేమ ఎవరి ప్రేమ? ఈ తీర్పు చెబుతున్నది ఎవరు?

ఈ ప్రశ్నలు పుస్తకాలకు మాత్రమే సంబంధించినవి కావు. మన దినపత్రికల భాష చూడండి. తనను కాదన్నదని ఒక అమ్మాయి గొంతు కోసినవాడు ‘ప్రేమోన్మాది’. తల్లిదండ్రులు వద్దన్న కులంవాడిని పెళ్ళిచేసుకున్న అమ్మాయి ‘ప్రేమ మైకంలో’ కన్నవాళ్ళను కాదన్న పిల్ల. ఒకడు హత్య చేశాడు. ఒకామె చట్టం తనకిచ్చిన హక్కును వాడుకున్నది. ఇద్దరినీ ఒకే తూకంలో వేసి, ఇద్దరికీ బుద్ధి పోయిందని తేల్చాము. అయితే ఫలితం ఒక్కటి కాదు. ఉన్మాదమన్న మాట హంతకుడికి సగం క్షమాభిక్ష. మైకమన్న మాట ఆ పిల్లకు నిండు శిక్ష. ఈ రెండు మాటలూ పత్రికా కార్యాలయాల్లో పుట్టినవి కావు. వాటికి వెనక పెద్ద సాహిత్య వంశం ఉన్నది. ఆ వంశాన్ని కొంతవరకైనా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2

కృష్ణదేవరాయల ఆస్థానంలో ఉండిన అల్లసాని పెద్దన మనుచరిత్రతో మొదలుపెడతాను. ప్రవరుడూ వరూధినీ తెలియని తెలుగు పాఠకుడు ఉండడు. ప్రవరుడిది నిగ్రహమనీ, వరూధినిది మోహమనీ తరతరాలుగా తరగతి గదుల్లో చెబుతున్నారు. బుద్ధి ఒకవైపు, ప్రేమ ఒకవైపు నిలబడి వాదించుకున్న ఘట్టమని మెచ్చుకుంటున్నారు. పెద్దన పద్యం గొప్పతనాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఆ గొప్ప పద్యం దేనిని బుద్ధిగా నిలబెట్టిందని మాత్రమే అడుగుతున్నాను.

ప్రవరుడి బుద్ధి అంటే ఇల్లు, అగ్నిహోత్రం, నిత్యకర్మ. ఇష్టంలేని స్త్రీని కాదనే హక్కు అతనికి పూర్తిగా ఉన్నది. ఆ హక్కును ఎవరూ తప్పుపట్టలేరు. కాని కథను మొదటినుంచి చూడండి. దేశాలు చూడాలన్న కోరికతో, ఒక సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకు రాసుకుని, అది ఎంతసేపు నిలుస్తుందో ఆలోచించకుండా హిమాలయాలకు పోయినవాడు ప్రవరుడే. మంచుకు పసరు కరిగిపోతుందన్న ముందుచూపు అతనికి లేకపోయింది. కోరిక బుద్ధిని మింగిందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు. అయినా దాన్ని మోహమని ఏ వ్యాఖ్యాతా గట్టిగా అనలేదు. తీర్థాల మీద మోజు బ్రాహ్మణ గృహస్థుడికి శోభ. మనిషి మీద మోజు స్త్రీకి అవివేకం. కొలబద్ద ఎవరి చేతిలో ఉన్నదో ఇక్కడే తెలిసిపోతున్నది.

తర్వాతి కథ ఇంకా ముఖ్యమైనది. వరూధిని అంతకుముందు తిరస్కరించిన ఒక గంధర్వుడు ప్రవరుడి రూపంలో వస్తాడు. మార్కండేయ పురాణంలోని మూలకథలో అతను ఒక షరతు పెడతాడు. తనతో కలిసే సమయంలో ఆమె కళ్ళు మూసుకోవాలి. ఆమె మూసుకుంటుంది. ప్రేమ గుడ్డిదనే మాటకు మన సంప్రదాయంలో ఇంత అక్షరాలా సరిపోయే కథ ఇంకొకటి నాకు కనిపించలేదు. అయితే ఆ కళ్ళు ప్రేమ మూసినవా? కావు. మోసగాడు షరతు పెట్టి మూయించినవి. అతనికి బుద్ధి బాగా పనిచేసింది. వేషం, సమయం, షరతు అన్నీ లెక్క ప్రకారమే చేశాడు. ఒకరి కళ్ళు మూతపడితే లాభం పొందేవాడు ఇంకొకడు ఉన్నాడన్నమాట. ఈ గంధర్వుణ్ణి గుర్తుపెట్టుకుంటే మన ఆధునిక సాహిత్యంలో చాలా పాత్రలను గుర్తుపట్టడం తేలిక అవుతుంది.

3

ఆ గంధర్వుడికి పంతులు వేషం వేసి చూపించినవాడు గురజాడ. కన్యాశుల్కంలో గిరీశం ప్రేమ గురించి మాట్లాడినంతగా ఎవరూ మాట్లాడరు. అతనికి ప్రేమ ఒక ఉపన్యాసం. మధురవాణి దగ్గర ఒక రకం, అగ్నిహోత్రావధాన్ల కూతురు బుచ్చమ్మ దగ్గర ఇంకొక రకం. వితంతు వివాహ సంస్కరణ అతనికి ప్రేమలేఖ రాసుకునే కాగితం. బుచ్చమ్మ అతని వెంట వెళ్ళిపోతే, ప్రేమకు లొంగి అమాయకురాలు బుద్ధి పోగొట్టుకున్నదని అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

నేను ఒప్పుకోను. డబ్బు పుచ్చుకుని ముసలివాడికి కట్టబెడితే విధవ అయిన పిల్ల బుచ్చమ్మ. చెల్లెలు సుబ్బిని కూడా అదే బేరానికి పెడుతుంటే కళ్ళారా చూస్తున్నది. ఆ ఇంట్లో ఉండిపొమ్మని చెప్పే బుద్ధి ఎవరిది? అగ్నిహోత్రావధాన్లది. అది రొక్కం లెక్కపెట్టుకునే బుద్ధి. చెల్లెలి పెళ్ళి తప్పుతుందన్న ఆశ కూడా బుచ్చమ్మ ప్రయాణంలో ఉన్నది. కనుక ఆమెది అవివేకం అనడం అన్యాయం. ఆమెకు దొరికిన దారి ఒక్కటే, ఆ దారిలో నిలబడినవాడు మోసగాడు. గురజాడ 1909 నాటి రెండవ కూర్పులో ఆమెను చివరకు పూనాలోని వితంతు శరణాలయానికి పంపడంలో అర్థం ఇదే. ఆమెకు కావలసింది ప్రేమ మీద నిషేధం కాదు. ఇంకొక దారి, కొంత చదువు, నిలవడానికి ఒక చోటు. ప్రేమను తిట్టకుండా, ప్రేమ పేరుతో జరిగే దగాను పట్టి చూపించడం ఎలాగో మనకు గురజాడ నేర్పాడు. మన తర్వాతి సాహిత్యం ఈ పాఠాన్ని చాలాకాలం పక్కన పెట్టింది.

4

పక్కన పెట్టి దేన్ని అందుకున్నది? కన్నీటిని. భావకవిత్వం ఊపులో ఉన్న రోజుల్లో అందని ప్రియురాలు, ఆరని వేదన యువకవులకు ఆదర్శమయ్యాయి. ఆ తర్వాత బెంగాలు నుంచి శరత్ వచ్చాడు. 1917లో వెలువడిన దేవదాసు నవల అనువాదంగా మన ఇళ్ళలోకి వచ్చింది. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో, నాగేశ్వరరావు, సావిత్రి నటనతో సినిమాగా వచ్చి మన సొంత కథ అయిపోయింది. ప్రేమ ఒక మనిషి బుద్ధిని పూర్తిగా మింగేసిన కథ ఏదని తెలుగువాళ్ళను అడిగితే, ఎక్కువమంది దేవదాసు పేరే చెబుతారు.

కథను కన్నీళ్ళు తుడుచుకుని చదవండి. పార్వతి ఒక రాత్రి ఒంటరిగా దేవదాసు గదికి వస్తుంది. తన పేరు, తన భవిష్యత్తు అన్నీ పణంగా పెట్టి, నన్ను చేసుకుంటావా లేదా అని తేల్చమంటుంది. ఆ నవలలో ఎవరైనా తెలివిగా, సూటిగా చేసిన పని ఉన్నదంటే అది ఇదే. ఉన్న సమస్య ఏమిటో ఆమెకు తెలుసు. ఉన్న సమయం ఎంతో తెలుసు. నిర్ణయం తీసుకోగలవాడు ఎవరో తెలుసు. మరి దేవదాసు ఏం చేశాడు? తండ్రి జమీందారు. పార్వతి ఇంటివాళ్ళు ఆడపిల్లకు శుల్కం పుచ్చుకునేవాళ్ళు, పైగా పొరుగువాళ్ళు. అందువల్ల సంబంధం పరువుకు తక్కువ. తండ్రి కాదన్నాడు. కొడుకు కలకత్తా పోయి, నీమీద నాకు అంత ప్రేమ లేదన్న అర్థం వచ్చేలా ఉత్తరం రాశాడు.

ఇక్కడ ప్రేమ బుద్ధిని జయించిందా? నిజానికి బుద్ధే ప్రేమను జయించింది. కాకపోతే ఆ బుద్ధి జమీందారీ బుద్ధి. ఆస్తి, వంశం, పరువు లెక్కవేసి చూసి, ప్రేమ ఖర్చు ఎక్కువని తేల్చిన బుద్ధి. ఆ తర్వాత తాగిన మందంతా ఆ లెక్కను మరిచిపోవడానికి తాగిందే. పార్వతి ధైర్యానికి దక్కిన ప్రతిఫలం నుదుటి మీద దేవదాసు కొట్టిన దెబ్బ మచ్చ, పెద్ద పిల్లలున్న రెండో పెళ్ళివాడితో కాపురం. దేవదాసు పిరికితనానికి దక్కిన ప్రతిఫలం అమరత్వం. పిరికితనాన్ని ప్రేమోన్మాదంగా మార్చి చూపడం వల్ల జమీందారు తండ్రి ముద్దాయి బోను నుంచి మెల్లగా దిగిపోయాడు. ప్రేక్షకుడు విధిని తిట్టాడు, సీసాను తిట్టాడు, లోకాన్ని తిట్టాడు. ఆస్తిని తిట్టలేదు.

శరత్ దీన్ని చూడలేదని నేను అనడం లేదు. వివరాలన్నీ అతను ఇచ్చినవే. దేవదాసు బలహీనతను అతను దాచలేదు. అయితే కథ చివరికి వచ్చేసరికి ఆ బలహీనత మీద జాలి పెరిగిపోయి విచారణ ఆగిపోతుంది. మన పాఠకులూ ప్రేక్షకులూ ఆ జాలినే తీసుకున్నారు. ఓడిపోయిన ప్రేమికుడు తాగాలి, పాడాలి, చావాలి అన్న ఆచారం అక్కడినుంచి మన కథల్లో స్థిరపడింది.

5

దేవదాసులో ఆస్తి ప్రేమకు అడ్డం. 1960ల నాటి ప్రజాదరణ నవల ఆ అడ్డాన్ని చాలా తెలివిగా తొలగించింది. ఆస్తినే ప్రేమపాత్రుడిని చేసింది. యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీ నవల ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. 1976లో ఇది సినిమాగా కూడా వచ్చింది. వేలాది మంది ఆడవాళ్ళకు చదివే అలవాటు చేసిన రచయిత్రిని చిన్నచూపు చూడడం నాకు ఇష్టం లేదు. ఉద్యోగం చేసుకుని బతికే అమ్మాయిని కథకు నడిమధ్య నిలబెట్టడం కూడా ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఆ పాఠకులు వెర్రివాళ్ళు కాబట్టి చదివారనుకునే విమర్శ నాకు నచ్చదు. వాళ్ళ బతుకుల్లో దొరకని గౌరవం వాళ్ళకు ఆ పేజీల్లో దొరికింది.

కాని కథ బుద్ధిని ఏం చేసిందో చూడాలి. జయంతి ఉద్యోగిని. రాజశేఖరం యజమాని, ధనవంతుడు. పేద ఉద్యోగిని ధనవంతుడైన యజమానిని అనుమానించడం, దూరం పాటించడం లోకజ్ఞానం. పనిచేసే చోట స్త్రీల రక్షణ కోసం 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇవ్వవలసి వచ్చిందంటే, 2013లో ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చిందంటే, ఆ అనుమానానికి ఎంత పునాది ఉన్నదో తెలుస్తున్నది. నవలలో మాత్రం జయంతి జాగ్రత్త క్రమంగా అపార్థంగా, అభిమానంగా, అనవసరమైన పంతంగా మారిపోతుంది. చివరకు ప్రేమ దాన్ని కరిగిస్తుంది. పాఠకురాలు హాయిగా నిట్టూరుస్తుంది. ఓడిపోయిన బుద్ధి ఈసారి స్త్రీ ఆత్మరక్షణ బుద్ధి. దాని ఓటమిని సుఖాంతం అన్నాము.

సినిమా ఈ సూత్రాన్ని ఇంకా మొరటుగా అమ్మింది. కథానాయకుడు వెంటపడతాడు, దారి కాస్తాడు, ఏడిపిస్తాడు. కథానాయిక పదిసార్లు కాదంటుంది, పదకొండోసారి పాటలోకి వస్తుంది. కాదనడం ఆమె బుద్ధి, అవుననడం ఆమె హృదయం. బుద్ధి అబద్ధం, హృదయం నిజం. ఏళ్ళ తరబడి ఈ పాఠం వల్లెవేసిన యువకుడికి ఆడపిల్ల కాదన్న మాట వినిపించకపోతే అందులో ఆశ్చర్యం ఏమున్నది? సినిమా చూసినవాళ్ళంతా నేరస్థులవుతారని నేను అనడం లేదు. నేరస్థుడికి కావలసిన సమర్థన మాత్రం అక్కడ తయారుగా దొరుకుతుందని అంటున్నాను.

2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద ఆసిడ్ పోశారు. వారిలో ఒకరు చనిపోయారు. ఉన్మాదమే అయితే ఆసిడ్ ముందుగా సంపాదించడం ఎందుకు? వాళ్ళు వచ్చే దారి, వచ్చే వేళ కనిపెట్టి కాపు కాయడం ఎందుకు? తోడు మనుషులు ఎందుకు? ఇది లెక్క తప్పని పథకం. నా సొత్తు నాకు దక్కకపోతే పాడుచేస్తానన్న యజమాని తర్కం. నిందితులు ముగ్గురూ కొద్ది రోజుల్లోనే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. చాలామంది సంబరపడ్డారు. కాని దానితో కోర్టులో జరగవలసిన విచారణ, ఈ పథకం ఎలా తయారైందో లోకానికి తెలిసే అవకాశం కూడా పోయాయి. ఉన్మాదం అన్నాము, ఉన్మాదులు చచ్చారన్నాము, పుస్తకం మూసేశాము. 2013లో శిక్షాస్మృతిని సవరించి ఆసిడ్ దాడినీ, ఆడవాళ్ళ వెంటపడి వేధించడాన్నీ ప్రత్యేక నేరాలు చేశారు. 2024 జూలై నుంచి అమలులోకి వచ్చిన కొత్త న్యాయసంహితలో కూడా అవి ఉన్నాయి. చట్టం దాన్ని నేరం అన్నది. మన శీర్షికలు ఇంకా ప్రేమ అంటున్నాయి.

6

ప్రేమ బుద్ధిని ఎదిరిస్తే తప్పేమిటి, అది తిరుగుబాటు కాదా అని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళకు ఆధారం చలం. 1927 నాటి మైదానంలో రాజేశ్వరి వకీలు భర్తను వదిలి అమీర్‌తో వెళ్ళిపోతుంది. కులం, మతం, పెళ్ళి, పరువు అన్నిటినీ ఒక్క అడుగుతో దాటుతుంది. ఆ అడుగు విలువ నేను తగ్గించను. స్త్రీకి శరీరం ఉన్నది, దానికి కోరిక ఉన్నదని అంత బాహాటంగా చెప్పినవాళ్ళు అంతకుముందు లేరు.

అయితే చలం కూడా ఒక పాత మాటను యథాతథంగా ఒప్పుకున్నాడు. బుద్ధి అంటే సమాజం, ప్రేమ అంటే సమాజం లేకపోవడం అనుకున్నాడు. అందుకే ఆ ప్రేమికులకు ఊరు లేదు, మైదానం ఉన్నది. కాని మైదానంలోకి కూడా మగవాడి అధికారం వెంట వచ్చింది. రాజేశ్వరి గర్భవతి అయితే బిడ్డ వద్దని పట్టుబట్టేది అమీరే. ఆమె శరీరం మీద తుది మాట మళ్ళీ మగవాడిదే అయింది. వకీలు ఇంట్లో ఆచారం పేరుతో జరిగేది ఇక్కడ ప్రేమ పేరుతో జరిగింది. బుద్ధిని వదిలేస్తే స్వేచ్ఛ వస్తుందన్న సిద్ధాంతం ఇక్కడ ఓడిపోయింది. రాజేశ్వరి వదిలించుకోవలసింది ఇతరుల బుద్ధిని. తన బుద్ధిని వదులుకోవడం వల్ల ఆమెకు ఒరిగింది లేదు.

ఈ సంగతిని స్పష్టంగా పట్టుకున్న రచన ఓల్గా స్వేచ్ఛ. 1987లో వచ్చిన ఈ నవలలో అరుణ ఇష్టపడినవాడినే పెళ్ళిచేసుకుంటుంది. మామూలు నవల అక్కడ ముగుస్తుంది. ఈ నవల అసలు అక్కడే మొదలవుతుంది. ప్రేమించి చేసుకున్న ఇంట్లో కూడా బయటికి వెళ్ళాలంటే, నలుగురితో కలిసి పనిచేయాలంటే అనుమతి కావలసి వస్తుంది. అరుణ ఆలోచిస్తుంది. ఆలోచించి, నిర్ణయించుకుని బయటికి వస్తుంది. ప్రేమలో ఉన్న స్త్రీ ఆలోచించడం మానకపోవడమే ఈ నవల మనకిచ్చిన కొత్త విలువ. దీన్ని చాలామంది ప్రేమ మీద అపనమ్మకంగా చదివారు. నా దృష్టిలో ఇది ప్రేమను పెద్దవాళ్ళు చేసే పనిగా గౌరవించడం.

7

ఇక ‘ప్రేమ మైకంలో’ ఇల్లు వదిలిన ఆ పిల్ల సంగతికి వస్తాను. కులాంతర వివాహం చేసుకోదలచిన జంట చేయవలసిన పనులు ఏమిటి? 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులు నివసించి ఉండాలి. నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును అందరూ చూసేలా అంటిస్తారు. అభ్యంతరాల కోసం ఇంకొక 30 రోజులు ఆగాలి. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండినట్టు రుజువులుండాలి. ముగ్గురు సాక్షులు కావాలి. నోటీసు బోర్డు మీద పేరు కనిపిస్తే ఇంట్లోవాళ్ళు ఏం చేస్తారో కూడా లెక్కవేసుకోవాలి. తలదాచుకునే ఇల్లు, చేతిలో కొంత డబ్బు, అవసరమైతే పోలీసు రక్షణ చూసుకోవాలి. ఇంత తలకాయ పని ఉన్నవాళ్ళను బుద్ధి లేనివాళ్ళంటున్నాము. కట్నం, కులం, గోత్రం చూసి, పావుగంట పెళ్ళిచూపుల్లో జీవితం ముడివేసేవాళ్ళను వివేకవంతులంటున్నాము.

2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్యను ఆసుపత్రికి తీసుకువచ్చిన ఒక దళిత యువకుడిని పట్టపగలు నరికి చంపారు. అమ్మాయి తండ్రి కిరాయి హంతకులతో కోటి రూపాయలకు బేరం కుదుర్చుకున్నాడని పోలీసులు చెప్పారు. అతను 2020లో, విచారణ ముగియకముందే చనిపోయాడు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు మిగిలినవారిలో ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. ఆ హత్య తర్వాత మనం విన్న మాటలు మరిచిపోకూడదు. కూతురి మీద పిచ్చి ప్రేమతో చేశాడన్నారు. కన్నప్రేమ కళ్ళు మూసేసిందన్నారు. ఆ తండ్రికి మద్దతుగా ఊరేగింపులు కూడా జరిగాయి.

చూడండి, అదే పాత మాట ఇక్కడికి కూడా వచ్చింది. ఆసిడ్ పోసినవాడికి ప్రేమ గుడ్డిది. హత్య చేయించినవాడికీ ప్రేమ గుడ్డిది. బేరం మాట్లాడినప్పుడు గుడ్డితనం లేదు, మనుషులను వెతికినప్పుడు లేదు, ఆసుపత్రికి వచ్చే వేళ తెలుసుకున్నప్పుడు లేదు. బాధ్యత అడిగినప్పుడు మాత్రం వచ్చింది. కళ్ళు తెరుచుకుని ఉన్నవాళ్ళు ఆ ఇద్దరు పిల్లలు మాత్రమే. వాళ్ళకే మైకం అని పేరు పెట్టాము.

కోర్టులు కూడా ఈ పాత మాటకు పూర్తిగా అతీతం కావు. కేరళలో ఒక వైద్య విద్యార్థిని, 24 ఏళ్ళ స్త్రీ, తన ఇష్టప్రకారం చేసుకున్న వివాహాన్ని 2017లో అక్కడి హైకోర్టు రద్దు చేసింది. ఆమె తన మంచి తాను చూసుకోలేని బలహీనురాలన్నట్టుగా మాట్లాడింది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేయవలసి వచ్చింది. అంతకుముందే 2006లో, లతాసింగ్ కేసులో, కులాంతర వివాహాలు దేశానికి మేలుచేసేవని అదే కోర్టు చెప్పింది. ఇంకా వెనక్కి వెళితే 1936లోనే అంబేద్కర్, లాహోరు సభ కోసం రాసిన, అక్కడ ఇవ్వనీయని ఉపన్యాసంలో, కులాన్ని కరిగించే అసలైన మందు కులాంతర వివాహమే అని వాదించాడు. మరి 2011–12 నాటి భారత మానవాభివృద్ధి సర్వే ప్రకారం అలాంటి వివాహాలు నూటికి అయిదు దాకా మాత్రమే. ప్రేమకు నిజంగా బుద్ధిని మింగేసేంత బలమే ఉంటే ఈ అంకె ఇంత చిన్నదిగా ఎందుకు ఉంటుంది? మన దేశంలో అత్యంత బలవంతమైన శక్తి ప్రేమ కాదు, కులం. ప్రేమ కూడా చాలాసార్లు ఇంటిపేరు అడిగి తెలుసుకున్నాకే పుడుతున్నది.

8

ప్రేమకు బలమే లేదంటున్నానా? లేదు. ప్రేమలో మనిషి నిద్ర పోగొట్టుకుంటాడు, పొరబడతాడు, ఎదుటివాళ్ళలో లేని గుణాలు చూస్తాడు. అది అనుభవం. ఆ అనుభవాన్ని కాదనే విమర్శ ఎండిపోయిన విమర్శ. కాని ఆకలి కూడా మనిషిని కుదిపేస్తుంది. భయం కుదిపేస్తుంది. పంట పోయిన రైతు ఎంత వడ్డీకైనా నోటు రాసిస్తాడు. అప్పు గుడ్డిది అని మనం కవిత్వం రాయలేదు. వడ్డీ వ్యాపారి ఎవరని అడిగాము. అదే ప్రశ్న ప్రేమ దగ్గర అడగడానికి మొహమాటపడ్డాము.

1884లో కుటుంబం, సొంత ఆస్తి, రాజ్యాంగ యంత్రం పుట్టుక గురించి రాసినప్పుడు ఎంగెల్స్ ఈ మొహమాటం చూపలేదు. ఆస్తి లెక్కలు తొలగిపోయిన నాడే స్త్రీపురుషులు పరస్పర ప్రేమ తప్ప ఇంకే కారణమూ లేకుండా కలవగలుగుతారని వాదించాడు. అంటే ప్రేమకూ వివేకానికీ శత్రుత్వం సహజం కాదు. ప్రేమించే హక్కు లేని సమాజంలో, వివేకం ఆస్తికి కాపలాదారు అయిన సమాజంలో, ఆ రెండూ శత్రువుల్లా కనిపిస్తాయి.

మన శిబిరంలోని రచయితలలో కొందరు ప్రేమకథ అంటేనే మధ్యతరగతి వ్యామోహమని పక్కకు తోసేస్తారు. పోరాటంలో ఉన్న యువకుడి కథలో ప్రియురాలు ఒక ప్రలోభంగా వస్తుంది, అతను ఆమెను వదిలి గొప్పవాడు అవుతాడు. ఇది కొత్త కథ అనుకుంటున్నారు. ఇది ప్రవరుడి కథ. అగ్నిహోత్రం స్థానంలో ఉద్యమం వచ్చింది, వరూధిని స్థానంలో మళ్ళీ ఆడదే ఉన్నది. స్త్రీని అవివేకంగా, పురుషుణ్ణి ఆశయంగా విభజించినంతకాలం మన కథ ఎంత ఎర్రగా ఉన్నా దాని ఎముకలు పాతవే.

ప్రేమను మన రచయితలు ఇతరులకు వదిలేయకూడదు. బుద్ధి పోగొట్టుకున్న ప్రేమికుల గురించి చాలా చదివాము. ఇక రిజిస్ట్రారు ఆఫీసు నోటీసు బోర్డు ముందు 30 రోజులు లెక్కపెట్టుకునే ప్రేమికుల గురించి రాయండి. కాదన్న అమ్మాయి మాటను విని, బాధపడి, ఇంటికి వెళ్ళిపోయిన అబ్బాయి గురించి రాయండి. అతను మన సాహిత్యంలో ఇంకా పుట్టినట్టే లేదు. ప్రేమించిన తర్వాత కూడా ఆలోచిస్తున్న స్త్రీ గురించి ఇంకా రాయండి. ఇవి చప్పగా ఉండే కథలు కావు. కులం కాపలా కాస్తున్న దేశంలో, కళ్ళు తెరుచుకుని ప్రేమించడానికి కావలసిన ధైర్యం దేవదాసుకు లేకపోయింది. పార్వతికి ఉన్నది. ఆమె కథ రాయవలసిన పని ఇంకా మిగిలే ఉన్నది.